పడేసినవాళ్లే కాలు పట్టాలి

మా చిన్నప్పుడు... ఉప్పుగూడ స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పొద్దుగూకే దాకా చెడుగుడు ఆడేవాళ్లం. అందరం ఆడపిల్లలమే! లంగాలు పైకి దోపుకుని, మట్టిలో గీత గీసుకుని...

ముందే చెబుతున్నాను, నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. కాలు దిండు మీద పెట్టుకుని మరీ రాస్తోంది. ఆ కాలు గురించే నా కోపమంతా.

మా బాపు, అదే మా నాన్న, కుస్తీ తాలీంలో ఉస్తాద్. పట్లు నేర్పేవాడు. అక్కడికి ఆడపిల్లలను రానిచ్చేవాళ్లు కాదు... కానీ అక్కడి పద్ధతులు మా ఇంటి మీదుగా మా ఆటలోకి వచ్చేశాయి. ఆటకు ముందు ఒకరి పిక్కలు ఒకరం నువ్వుల నూనెతో రుద్దుకోవాలి. కండ వేడెక్కందే గీత దాటకూడదు.

అన్నిటికంటే పెద్ద పద్ధతి ఇంకొకటి. ఎవరు పడేశారో వాళ్లే పట్టాలి. నీ చేతిలో ఎవరికైనా కాలు మడతపడితే, వాపు దిగాక వాళ్లింటికి వెళ్లి, నూనె రాసి, నువ్వే నిమరాలి. అప్పటిదాకా ఆ ఆట ముగిసినట్టు కాదు.

ఒకసారి యాదమ్మ నన్ను పడేసింది. నా ప్రాణ స్నేహితురాలు! చీలమండ బూరెలా ఉబ్బింది. బాపు పట్టి చూసి, ఎముక విరగలేదని తేల్చి, తడిగుడ్డ చుట్టాడు. అమ్మ నూనె గిన్నె తెస్తే కసిరాడు.

"కాలుతున్న వాపు మీద చెయ్యి పెడతవా ఏంది? ముందుగాల సల్లవడనియ్యి!"

వాపు దిగింది. యాదమ్మ మాత్రం రాలేదు. కబురు పంపితే వాళ్లమ్మ వాకిట్లో నిలబడి లొల్లి పెట్టింది.

"మా పిల్ల ఒకల కాళ్లు వట్టుడేంది? మేమేమన్న మీ ఇంట్ల పనోళ్లమా?"

నాకు ఒకటే ఏడుపు... నొప్పికి కాదు, యాదమ్మ ఇక నాతో ఆడదేమోనని.

బాపు వాళ్ల గడప ముందుకు వెళ్లాడు. అరవలేదు.

"వదినా, కాళ్లు వట్టుడు గాదిది. పడేసిన చెయ్యికి నొప్పి ఎట్లుంటదో ఎరుక గావాలె. ఒక్కసారి ఎరుకైతే మల్ల గట్ల పడెయ్యది. నన్ను పడేసినోళ్లు నా నడుము వట్టిన్రు. నేను గూడ మస్తుమందికి వట్టిన."

యాదమ్మ తన తల్లి చాటు నుంచి బయటికొచ్చి మా ఇంటికి నడిచింది. నూనె రాసింది. బొటనవేలు నొప్పి దగ్గరికి రాగానే నేను కెవ్వుమన్నాను. దాని కళ్లలో నీళ్లు!

"ఈడనా?"

"ఆఁ... ఈడనే."

"పిస్సదాన, గట్ల ఉరికొస్తే నేనేం జెయ్య?"

తిడుతూనే నిమిరింది. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆడినా నడుము పట్టి ఆపిందే గానీ, మళ్లీ నా కాలు మెలిపెట్టలేదు.

ఇప్పుడు చూడండి! మా మనవరాలు ప్రతి ఆదివారం సంతోష్‌నగర్‌లో తోటి ఆఫీసు పిల్లలతో కబడ్డీ ఆడుతుంది. వారమంతా కుర్చీల్లో కూర్చుంటారు. ఆదివారం బండి దిగి నేరుగా కోర్టులోకి దూకుతారు. రుద్దుకోవడం లేదు, ఒళ్లు వేడెక్కించుకోవడం లేదు!

అవతలి జట్టులోని స్నేహితురాలే చీలమండ పట్టి గుంజింది. డాక్టరు కట్టు కట్టాడు. వాపు దిగాక ఫిజియో అమ్మాయి వచ్చి చక్కగా నిమురుతోంది. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. మరి పడేసిన పిల్ల ఏది? ఫోన్‌లో పువ్వు బొమ్మ పంపింది! పువ్వు బొమ్మ పంపితే నొప్పి ఎరుకవుతుందా?

"నానమ్మా, గిది రాయ. అది ఫీలైతది."

"పేరు రాయకు. మిగిలిందంత రాయి!"

"గిప్పుడు గిట్లెవరు జేస్తరే?"

"గందుకే గదనే, ఆదివారానికొకలు కుంటుతున్నరు!"

పడేసిన అమ్మాయీ, ఇది చదువుతున్నావు కదా? ఎక్కడ, ఎంత మెల్లగా నిమరాలో ఫిజియో అమ్మాయి నీకు చూపిస్తానంది. నూనె గిన్నె గూట్లో పెట్టాను. మీ ఆట ఇంకా ముగియలేదు... రా.

మిగతావాళ్లకు ఒక మాట. మిమ్మల్ని పడేసి, మళ్లీ వచ్చి మీ కాలు పట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల గురించి కింద రాయండి, మా పిల్ల నాకు చదివి వినిపిస్తుంది. మా రోజుల్లో ఇంటికొక యాదమ్మ ఉండేది... ఇప్పుడు పువ్వు బొమ్మలే మిగిలాయి.