పెద్దమ్మ పుంజు

ఐ.పోలవరంలో మా పెద్దమ్మ ఏటా కోతల పండక్కి తన పెంపుడు పుంజును చర్చిలో కానుకగా ఇచ్చేది. ఆరాధన అయ్యాక కానుకలను వేలం వేస్తే, తనే పాడుకుని మళ్ళీ ఇంటికి తెచ్చుకునేది. తొలిపంట దేవుడిదన్న ఆచారం తాతలనాటిది. వెనక్కి తెచ్చుకోవడం ఒక్కటే ఆవిడ సొంతం.

"ఇదేమిటమ్మా?" అన్నారు కొత్తగా వచ్చిన పాస్టరుగారు.

"ఇచ్చేసేనండి. దేవుడి దగ్గర కొనుక్కోకూడదాండి?"

ఓ ఏడు ఊరి కొత్త అల్లుడు బిర్యానీ మీద మనసుపడి పాట పెంచుకుంటూ పోయాడు. పెద్దమ్మ ఇక పాడలేకపోయింది. కళ్ళు తుడుచుకుని అతని దగ్గరికి వెళ్ళింది.

"కోసుకోండి అల్లుడుగారూ. కాకపోతే దానికి మా ఆయన పేరు పెట్టుకున్నానండి."

అల్లుడు నాలిక కరుచుకుని పాట వదిలేశాడు. మగవాళ్ళ వైపు కూర్చున్న పెదనాన్నకు కూడా ఆ పేరు సంగతి అప్పుడే తెలిసింది.