ఎదురు మునుం

ఇప్పటికీ ఎవరైనా "మేమంతా ఒక్క జట్టు" అని గొప్పలు చెప్పుకుంటే, ఆ జట్టు ఎవరిని బయటికి నెట్టి ఒక్కటైందో ముందు అడగాలనిపిస్తుంది.

బొల్లాపల్లి వైపు మెట్ట చేలకి ఇంకా కాలవ నీళ్ళు రాని రోజులవి. మా క్రైస్తవుల పేట ఆడవాళ్ళం మిరప తోటల్లో కలుపు తీయడానికి పోయేవాళ్ళం. చేలోకి దిగాక వరసగా నిలబడి, తలా రెండు సాళ్ళు పట్టుకుని, అవతలి గట్టుదాకా తీసుకుంటూ పోవాలి. దాన్ని మునుం అంటారు. ముందుగా గట్టు చేరినామె కూర్చోకూడదు. వెనక్కి తిరిగి, ఎవరు వెనకబడ్డారో చూసి, వాళ్ళ సాళ్ళలోకి అవతలి కొసనుంచి కలుపు తీసుకుంటూ ఎదురు రావాలి. దానికి మా పేటలో ఎదురు మునుం అని పేరు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, మా అమ్మ కాలంలోనూ ఉండేది.

అందరి చేతులూ ఒకలాంటివి కావు. మా పెద్దమ్మ చెయ్యి నెమ్మది, కానీ గరిక వేరు తెగకుండా లాగడం ఆమెకే చేతనవును. గరిక దట్టంగా ఉన్న సాళ్ళు ఆమెకే వదిలేవాళ్ళం. ఇంకొకామె పని అంతంతమాత్రం. అయినా ఎండ మాడుస్తున్నప్పుడు ఆమె చెప్పే ఎకసెక్కాలు లేకపోతే మాకు పొద్దు గడిచేది కాదు. మా చిన్నాన్న కూతురు, నాకు చెల్లెలు, పచ్చి బాలింత. మొగుడు రాళ్ళ గనిలో పనికని పోయి మళ్ళీ రాలేదు. బిడ్డని తుమ్మచెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టి మునుం పట్టేది. ఏ పూట కూలి ఆ పూట పొయ్యిలోకే. బిడ్డ ఏడిస్తే పాలివ్వడానికి పోయేది, పక్కవాళ్ళం ఆమె సాళ్ళు అందుకునేవాళ్ళం. అదేమీ ఉపకారం అనుకోలేదు ఎవరూ.

ఆ ఏడు దుర్గి వైపునుంచి కోడలిగా వచ్చిన ఒక వదిన మా జట్టులో చేరింది. ఉన్నమాట చెప్పాలి, ఆమె చెయ్యి మహా చురుకు. రెండు చేతులా తీసేది, కలుపు మొక్క వేరుతో సహా వచ్చేది, మిరప మొక్క కదిలేది కాదు. నేను పని ఆపి మరీ చూసేదాన్ని. చేను ఆసామి కూడా చూశాడు.

"అమ్మాయ్, ముందు మునుం నువ్వు పట్టు. గట్టెక్కినాక మళ్ళీ ఎనక్కి పోమాక. ఎవుల సాళ్ళు వాళ్ళే తెముల్చుకుంటారు. క్రిస్మస్‌కి నీకు కోక పెడతా," అన్నాడు గొడుగు కింద నిలబడి.

ఆమె గట్టెక్కినాక వెనక్కి పోలేదు. గట్టుమీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆసామి ఆమెని చూపించి మమ్మల్ని సోమరిపోతులన్నాడు. అంతే, అందరికీ పరుగు పట్టుకుంది. వేరు మట్టిలోనే వదిలేసి పై ఆకు తుంచడం, గుప్పిట నిండితే గట్టున పారెయ్యడం. పైకి చేను శుభ్రంగానే కనిపించింది. చూస్తుంటే నాకు రోత పుట్టింది.

"ఏందే ఇది! కలుపు తీస్తన్నారా, గొర్రెల్లాగా మేస్తన్నారా?" అని పెద్దమ్మ అరిచింది. ఎవరూ తలెత్తలేదు.

అప్పుడే బిడ్డ లేచి ఏడ్చింది. చెల్లెలు పాలివ్వడానికి పోయింది. పక్కవాళ్ళు ఆమె సాళ్ళు దాటుకుని పోయారు. నేను గట్టు చేరగానే తిరిగి ఆమె సాళ్ళలోకి ఎదురు దిగాను.

"ఒసేయ్, నువ్వు పోతే మేమూ పోవాల. మాకంత ఓపిక లేదమ్మా," అంది ఎకసెక్కాలామె. అందరూ నవ్వారు. ఆదివారం ఒకే చాప మీద మోకాళ్ళూని ఒకళ్ళకోసం ఒకళ్ళు ప్రార్థన చేసే మనుషులే వీళ్ళు.

ఆ సాయంత్రం దారిలో చెల్లెల్ని నిలబెట్టారు. ఆసామి చెప్పమన్నది కాదు, వీళ్ళే అనుకున్నారు. వదిన చాలా మెత్తగా అంది: "నీ వల్ల మునుమంతా ఆగతా ఉంది. పిల్లోడు నడిచేదాకా రామాక తల్లీ."

రానియ్యండని నేను అడ్డం పడ్డాను. వినలేదు. ఆ మాట కంటే, చివర తగిలించిన ఆ "తల్లీ" నాకు ఎక్కువ వెలపరం పుట్టించింది. చెల్లెలు బిడ్డని ఎత్తుకుని మాకంటే ముందు నడిచి పోయింది. మర్నాడు అందరం పనికి పోయాం, నేను కూడా.

వాన పడింది. మట్టిలో మిగిలిన వేళ్ళన్నీ చిగిర్చాయి. చేను మొదటికంటే దట్టంగా మూసుకుపోయింది. ఆసామి నెత్తి కొట్టుకున్నాడు. మావాళ్ళు మాత్రం అదే చేలో మళ్ళీ పని దొరికిందని సంబరపడ్డారు. ఇంకా మనుషులు కావాలి, ఆ బాలింతని కూడా పిలవండి అన్నాడట ఆసామి.

అందరం కలిసి ఆమె ఇంటికి పోయాం. వాకిట్లో తుమ్మ కంప మోపు కడుతోంది, అమ్ముకోవడానికి. మోచేతులదాకా ముళ్ళు గీరిన గీతలు.

"ఆసామి నిన్ను గూడా రమ్మన్నాడే. రేపట్నించి మళ్ళా అందరం కలిసే పోదాం," అంది వదిన, ఏమీ జరగనట్టు.

చెల్లెలు ముడి బిగించి లేచింది. "ఆసామి పిలిస్తే ఒక్కదాన్నే వచ్చి చేసుకుంటా వదినా. మీ మధ్యన మాత్రం నిలబడను," అంది.

'మీ' అన్నప్పుడు నన్ను కూడా చూసింది.