ముహూర్తం కోసం ఆగిన కరెంటు పెట్టె

మొన్నటి తుపానుకి మా దువ్వాడలో రేకులెగిరాయి, చెట్లు పడ్డాయి, మూడు రోజులు కరెంటు లేదు. వీటిలో దేనికీ నేను బాధ్యుణ్ణి కాను. మా ఇంట్లో జరిగిన దానికి మాత్రం నేనొక్కణ్ణే బాధ్యుణ్ణి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, వీధంతటికీ తెలిసిపోయింది కనక చెప్పేస్తాను.

మా అమ్మకి ఆయాసం. రోజుకి రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టాలి. వానాకాలం కరెంటుని నమ్మలేక, కింది వాటాలో ఉండే నా బావమరిది అప్పలరాజుని వెంటబెట్టుకుని, పోర్టబుల్ పవర్ స్టేషన్ కొనడానికి విశాఖ వన్ టౌన్ వెళ్లాను. పేరు విని పొగగొట్టాలు ఊహించుకోకండి. ముందే ఛార్జి పెట్టుకుని, కరెంటు పోయినప్పుడు వాడుకునే పెట్టె, అంతే.

కొట్టాయన రెండు చూపించాడు. ఒకటి టిఫిన్ క్యారేజీ అంత. రెండోది ట్రంకుపెట్టె అంత, ధర మూడింతలు.

"ఏటి నడపాలండీ?"

"నెబ్యులైజర్."

"అయితే సిన్నది సాలండి."

నేను ఇరవయ్యేళ్లుగా ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతున్నాను. ఒంటి చేత్తో లేచే వస్తువుని మిషన్ అనడానికి నాకు నోరు రాదు. "పెద్దదియ్యి" అన్నాను.

"మీది మూడో అంతస్తు బావా," అంటూ అప్పలరాజు తనకి చిన్నది కొనుక్కున్నాడు.

"పిల్లలాడుకోడానికి బాగుంటాదిరా," అన్నాను.

మెట్లమీద ఇద్దరం ఆ పెట్టెని ఎలా ఎక్కించామో నా నడుముకి ఇప్పటికీ గుర్తే. పైకి రాగానే మా ఆవిడ, "ఛార్జింగ్ పెట్టీమంటారా?" అంది.

"ఆగు. కొబ్బరికాయ కొట్టకుండా కొత్త మిషన్‌కి స్విచ్చేత్తారేటి? మా ఫ్యాక్టరీలో అలా సెయ్యం. నాలుగు రోజుల్లో ఆయుధ పూజ."

"టీవీలో తుపానంటన్నారు."

"తుపానొత్తాదని ముహూర్తం మార్సుకుంటామా?"

పూజకి రెండు రోజుల ముందు, ఉదయం టిఫిన్ల వేళ, కరెంటు పోయింది. నేనేం కంగారుపడలేదు. పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి బటన్ నొక్కాను. తెరమీద సున్నా కనిపించి అదీ ఆరిపోయింది.

"ఛార్జింగ్ పెట్టు," అన్నాను.

"దేనికి పెట్టను?" అంది మా ఆవిడ.

ఈలోగా అమ్మకి ఆయాసం ఎక్కువైంది. గొంతులోంచి పిల్లికూతలు. ఆ కాసేపూ నాకు నిజంగా భయమేసింది. మెట్లు దిగి పరుగెత్తాను. అప్పలరాజు తన చిన్న పెట్టెని ఒంటి చేత్తో పట్టుకొచ్చాడు.

మంచంమీద అమ్మకి నిటారుగా కూర్చోవడం కుదరలేదు. పసుపూ బొట్టూ పెట్టిన నా పెద్ద పెట్టెమీదే కూర్చోబెట్టి, వాడి చిన్న పెట్టెతో నెబ్యులైజర్ పెట్టాం. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. అమ్మ తన కిందున్న పెట్టెని చేత్తో తట్టి చూసింది.

"ఏదైనా నువ్వు కొన్నదే గట్టిదిరా. ఊగనేదు."

ఆ కొబ్బరిచిప్పల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ముందు ఛార్జి, తర్వాతే పూజ. పెట్టె ఇప్పుడు నిండా ఛార్జితో, అమ్మకి పీటగా ఉంది. ఛార్జి నిండినప్పట్నుంచి కరెంటు పోవడమే లేదు.