డుమ్మా మాస్టరు

రాయగడలో మా సందు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, దెయ్యాల టీచరమ్మ ఇల్లంటే ఆటోవాళ్లు సరాసరి గుమ్మం ముందు దింపుతారు. నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పాను. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, దెయ్యాల గురించి రాసిందొక్కటే గుర్తు. పోనీ అవైనా చదివారా అంటే, "అమ్మో, మాకు భయమండీ" అంటారు చర్చికొచ్చే ఆడవాళ్లు. చదవకుండానే పేరు పెట్టేశారు మహాతల్లులు. మా పాస్టరుగారు మంచివారే, అయినా ప్రార్థన అయ్యాక అందరి ముందూ, "ఏమ్మా, ఆదివారం దేవుడికి, మిగతా వారమంతా దెయ్యానికా?" అంటారు. నవ్వి ఊరుకుంటాను. లోపల మాత్రం ఒళ్లు మండుతుంది.

ఈ రాతపిచ్చి మా అమ్మ పుణ్యమే. ఆవిడ కోస్తా నుంచి నర్సుగా ఈ కొండల్లోకి వచ్చింది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో రోగుల్ని మంచాల మీద మోసుకొచ్చేవారు. వాళ్ల వెంట వచ్చినవాళ్లు చెప్పిన సంగతులన్నీ అమ్మ ఇంటికొచ్చి అన్నం కలుపుతూ మాకు చెప్పేది. ఫలానా మలుపులో తెల్లకోక మనిషి చెయ్యూపిందట, ఫలానా పిల్ల ఒంటిమీదికి చచ్చిపోయిన మేనత్త వచ్చి చుట్ట అడిగిందట. అంతా చెప్పి ఆఖరున, "దెయ్యమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. జ్వరం. మలేరియా," అని ముద్ద నోట్లో పెట్టేది. నేను ఆ ఆఖరి మాట తీసేసి మిగతాదంతా రాసేదాన్ని. నా సాహిత్య జీవితం అంతకుమించి ఏమీ లేదు.

ఒక మాసపత్రికలో కొండ దెయ్యాల మీద నా శీర్షిక చాలా ఏళ్లు నడిచింది. పొట్టంగి, బంధుగాం, టికిరి సంతల్లో తిరిగి, అమ్మేవాళ్ల పక్కన కూర్చుని, ఆ కొండలవాళ్ల దేశియా భాషలో విన్నవన్నీ పోగుచేశాను. పత్రిక మూతపడ్డాక విజయనగరం నుంచి ఒకాయన ఫోన్ చేసి, నా కథల్ని యూట్యూబులో చదువుతానన్నాడు. చదువుతాడు సరే, వెనకాల నక్కకూతలు పెడతాడు. నా కథలో నక్క లేదు మహాప్రభో అంటే, "ఉండాలి మేడమ్, లేకపోతే జనం వినరు," అంటాడు. ఇప్పుడు నా కథలన్నింటిలోనూ నక్కలే.

ఇంతా చేసి నేను ఒక్క దెయ్యాన్నీ చూడలేదు. ఈ ముక్క ఎవరితో చెప్పినా నమ్మరు. అమ్మ పోయాక, కనీసం ఆవిడైనా వస్తుందేమోనని వంటింట్లో ఆవిడ పీట చాలాకాలం తియ్యకుండా ఉంచాను. రాలేదు. బతికుండగా నమ్మని మనిషి, పోయాక మాత్రం ఎందుకొస్తుంది?

అయినా జనం వస్తూనే ఉంటారు. మేక పోయిందని ఒకరు, కోడలికి కడుపు పండలేదని ఒకరు. తాయెత్తు కట్టమంటారు, విభూది ఇమ్మంటారు. విభూదెక్కడ తేను నేను? మాది క్రైస్తవుల ఇల్లు. టీ ఇచ్చి పంపిస్తాను.

మా వెనక సందులో ఒకామె ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల తాతల నాడు వచ్చిన కుటుంబం. భర్తకు మున్సిపాలిటీలో నీళ్ల పైపుల పని. మా కుళాయి పాడైతే పిలవకుండానే వచ్చి బాగుచేసి, "దెయ్యం దూరింది టీచరమ్మా, తీసేసేను," అని నవ్వేవాడు. ఒకటే జబ్బు. జీలుగు కల్లు దిగే కాలం వచ్చిందంటే డ్యూటీకి డుమ్మా కొట్టి, పొట్టంగి అవతల కొండమీద ఒక స్నేహితుడి ఊరికి పోయేవాడు. ఇక్కడ సూపర్‌వైజరు భార్యకు ఫోన్ చేసి, "ఈ రోజూ డుమ్మాయేనా?" అని అరిచేవాడు. ఆ మాట విని విని ఆమె మొగుడికి డుమ్మా మాస్టరని పేరు పెట్టింది. కుళాయి దగ్గర, "మా డుమ్మా మాస్టరు వచ్చేడా?" అని అడిగితే, ఆడవాళ్లంతా నవ్వేవారు. తిట్టేటప్పుడు కూడా ఆమె గొంతులో ముద్దే ఉండేది.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆమె మా అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో తమలపాకులు, కాటుక భరిణె.

"టీచరమ్మా, అంజనమెయ్యండి. మావోడు ఎక్కడున్నాడో సూడాలి," అంది.

"నాకు రాదే అమ్మీ. ఆకు మీద కాటుక రాస్తే అందులో పోయినవాళ్లు కనిపిస్తారని రాశానంతే. వెయ్యడం నాకేం తెలుసు?"

"రాసినోళ్లకి రాదేటి? వంటల పుస్తకం రాసినామెకి సారు కాసుకోడం రాదేటి?"

లోపలికి రమ్మని, టీ పెట్టి, అసలేం జరిగిందని అడిగాను. భర్త ఎప్పటిలాగే కొండకు పోయాడు. మధ్యలో ఒకరోజు ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ మూగబోయాయి. అతను కొండమీద ఇన్నాళ్లు ఎప్పుడూ ఉండలేదట.

"ఫోన్‌లో ఏమన్నాడు?"

"ఏటంటాడు! 'దీదీ, ఆయన డుమ్మా అయిపోయాడు. ఇంటికి తేవాలా?' అన్నాడు. నాకు ఒళ్లు మండిపోనాది. ఆడు డుమ్మా కొట్టడం నాకు కొత్తేటి? తేకు, గడప తొక్కనియ్యను, మీకాడే ఉంచుకోండి, బాగా కల్లు పొయ్యండి అనేసి పెట్టేసేను."

టీ గ్లాసు కింద పెట్టాను. "డుమ్మా కొట్టాడన్నాడా, అయిపోయాడన్నాడా?"

"అయిపోయాడనే అన్నాడు. ఆళ్లది వచ్చీరాని తెలుగు గదా."

తెలుగులో ఎవరూ డుమ్మా అవరు, డుమ్మా కొడతారు. బడిలో పిల్లల హాజరు పిలిచిన ప్రతిరోజూ నేను అన్న మాటే అది. ఆ స్నేహితుడు అన్నది డుమ్మా కాదు, డుమా. మనిషి పోయాక డుమా అవుతాడని ఆ కొండలవాళ్లంటారు. ఆ డుమాను పిలిచి ఇంట్లో చోటిచ్చి, తిండి పెడతారు. సొంతవాళ్లు రానివ్వకపోతే, చోటిచ్చినవాళ్లకే అతను సొంతమవుతాడు. దాని మీద నేనే రాశాను, శీర్షికలో బాగా పేరొచ్చిన కథ కూడా అదే. నా ఎదురుగా ఆమె బిస్కెట్ టీలో ముంచుకుని తింటోంది. దేవుడా, ఇదెలా చెప్పను?

చెప్పలేక, "రేపు మనిద్దరం వెళ్లి చూద్దాం పద," అన్నాను.

పొద్దున్నే కొరాపుట్ బస్సెక్కాం. దారంతా ఆమె తిడుతూనే ఉంది. దొరకనీ, జుట్టట్టుకుని ఈడ్సుకొస్తాననీ, సూపర్‌వైజరు ముందు గుంజీలు తీయిస్తాననీ. సంచిలో అతనికి స్వెటరు పెట్టుకుంది. కొండమీద చలి, ఆడికి దగ్గుందట. లక్ష్మీపూర్ దాటాక ఇక ఆగలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని, వాళ్ల మాటలో డుమా అంటే ఏమిటో చెప్పేశాను.

ఆమె చెయ్యి లాక్కుంది. తర్వాత పకపకా నవ్వింది.

"ఊరుకోండి టీచరమ్మా! మీకు పిల్లి తుమ్మినా దెయ్యమే. మా డుమ్మా మాస్టరు అంత సులువుగా ఒగ్గుతాడేటి నన్ను?"

ఇన్నేళ్లూ నేను కళ్లతో చూడకుండా రాసినవన్నీ నమ్మారు. మొదటిసారి నిజం చెప్తే, కథలంటారు. కిటికీ వైపు తిరిగి ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, నేను రాసిందంతా అబద్ధమైపోనీ, నాకు దేశియా ఒక్క ముక్క కూడా రాకపోనీ, పాస్టరుగారు అన్నదే నిజమైపోనీ అని. కొరాపుట్ వచ్చేదాకా అదే మాట.

కొరాపుట్‌లో బస్సు మారి, పొట్టంగిలో దిగి, ఆటో పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి నడిచాం. ఊరి మొదట్లోనే స్నేహితుడు ఎదురయ్యాడు. ఆమెను చూడగానే భుజం మీది కట్టెలు దింపి, చేతులు జోడించి, తలొంచుకున్నాడు. పరిగెత్తుకెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆమె ఆ నీళ్లు ముట్టలేదు.

"ఆడేడి?" అంది.

"రాత్రి పడుకున్నాడు దీదీ, పొద్దున లేవలేదు. ఫోన్ చేశాను గదా. తేవాలా అని అడిగాను గదా." అతని తెలుగు మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కున్నట్టుగా వస్తోంది. "నువ్వు వద్దన్నావు. గడప తొక్కనియ్యనన్నావు. ఊరంతా ఏడ్చింది, అంత మంచోడు, ఇంటామె ఎందుకలా అందని. మేమే మట్టి చేశాం. మేమే ఉంచుకున్నాం."

లోపలికి తీసుకెళ్లాడు. పొయ్యి పక్కన మూలను శుభ్రంగా అలికారు. అక్కడ అన్నం మెతుకులు, ఆకు దొన్నెలో జీలుగు కల్లు. "నువ్వన్నట్టే పోస్తున్నాం దీదీ, రోజూ," అన్నాడు.

ఆమె ఏడవలేదు. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నానన్నది అది కాదయ్యా. డుమ్మా అనుకున్నాను. పని ఎగ్గొట్టేడనుకున్నాను. మా భాసలో డుమ్మా అంటే అది," అంటోంది. అతను అర్థంకాక నా వైపు చూశాడు. నేను దేశియాలో చెప్పాను. వింటూ వింటూ అతను కింద కూలబడి, తల పట్టుకున్నాడు. తర్వాత లేచి ఊరి పెద్దాయన్ను తీసుకొచ్చాడు. ఆయనకూ మొదట్నుంచీ చెప్పాను. డుమాను ఈమె ఇంటికి తీసుకెళ్లొచ్చా అని అడిగాను. పెద్దాయన దొన్నె వైపు చూసి, ఈ ఇంట్లో తిన్నాడు, ఈ ఇంటివాడైపోయాడు, ఇక కదలడు అన్నాడు. కఠినంగా ఏమీ అనలేదు, ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి.

ఆ మాటను ఆమెకు తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. అంతకుమించి నా వల్ల ఏం కాలేదు. నా కథల్లో అయితే ఈ పాటికి గాలి వీచేది, దీపం ఆరేది, అతను ఏదో ఒక మాట అనేవాడు. అక్కడ మాత్రం కోడి ఒకటి లోపలికొచ్చి మెతుకులు ఏరుకుంటుంటే, ఇంటావిడ అదిలించింది.

అప్పుడు ఆమె సంచిలోంచి స్వెటరు తీసింది. ఆ మూలన, దొన్నె పక్కన మడతపెట్టి ఉంచింది. గోడకేసి చూస్తూ, "నిన్ను కాదురా. పని ఎగ్గొట్టినందుకురా ఆ తిట్టు," అంది. మళ్లీ అంది. బయటకు వచ్చి గడప మీద కూలబడితే, నేనూ పక్కన కూర్చున్నాను.

నా వైపు తిరిగి అడిగింది: "టీచరమ్మా, ఆళ్లకైతే తెలుగు రాదు. మావోడికి వచ్చు గదా? నానన్నదేటో ఆడికి తెలిసే ఉంటాది గదా?"

"తెలిసే ఉంటుందే అమ్మీ," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఆశగా చూసింది.

"మీకు కనబడ్డాడేటి?" అంది.