డిక్కీలో తాతయ్య

మా తాతయ్య తలుచుకుంటే ఈ భూమి తిరగడం ఆపేసి, పక్కకి తీసి, బేరింగులు కడిగి, గ్రీజు పెట్టి, అన్నం వేళకి మళ్ళీ తిప్పగలడు. ఆపినంతసేపు మనమంతా ఏదో ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడాలి, అంతే. చివర్లో రెండు మూడు నట్లు మిగిలిపోతాయి. "కంపెనీవాడే ఎక్కువ పెట్టాడు" అంటాడు.

బస్సు డిపోలో జీవితమంతా మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాడు. కూర్చోవడం మాత్రం ఇప్పటికీ నేర్చుకోలేదు. టీ నిలబడి తాగుతాడు, పేపరు నడుస్తూ చదువుతాడు, చదువుతూ చదువుతూ ఫ్యాను రెగ్యులేటరు విప్పుతాడు. వీధిలో అందరూ 'పానా తాత' అంటారు. అమ్మమ్మ 'ఈ మనిషి' అంటుంది, ఆయన ఎదురుగా ఉన్నా సరే.

అమ్మమ్మ కర్టెన్లు కుడుతుంది. తొమ్మిదో తరగతితో చదువుకి దండం పెట్టేసిన నేను వాటికి రింగులు వేస్తాను. కుట్టినవన్నీ మూటలుగా కట్టి తాతయ్య పాతకాలపు కారు డిక్కీలో వేసుకుని ఇద్దరూ వెళ్ళి ఇచ్చి వస్తారు. గుండ్రటి దీపాలు, బొద్దు బుగ్గలు ఉన్న లేతాకుపచ్చ కారది. ఆయన నడుపుతుంటే అమ్మమ్మ పక్కన కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస.

ఆ కారు డిక్కీ మూత మందపాటి ఇనుప రేకు. ఎత్తి, కింద ఊతకడ్డీ పెట్టాలి. రెండు నెలల కిందట ఆ కడ్డీ జారి మూత అమ్మమ్మ కుడి మణికట్టు మీద పడింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. కట్టు విప్పించుకుని వచ్చిన మంగళవారం నాడు ఆవిడ గుమ్మంలోనే తేల్చి చెప్పింది.

"ఇక ఆ మూత కింద నా చెయ్యి పెట్టను. సోమవారం హోటలుకి ఇవ్వాల్సిన కర్టెన్లకి వ్యాను మాట్లాడుకుంటాను. మీ కారూ మీరూ ఊరేగండి."

 తాతయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు. లేచి వెళ్ళి డిక్కీ తెరిచాడు, మూశాడు. వచ్చి కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ వెళ్ళాడు. వ్యాను వస్తే ఆ ముందు సీటు ఖాళీ అవుతుంది. పక్కన కూర్చుని అరిచే మనిషి లేకుండా ఆయనకి బండి నడపడం చేతకాదు. ఈ మాట ఆయన చెప్పడు, నేనే చెబుతున్నాను.

బుధవారం పొద్దున్నే షాపు తెరవకముందే స్పేర్ పార్టుల షాపు ముందు నిలబడ్డాడు. కొత్త కార్ల డిక్కీలకి రెండు పక్కలా గ్యాస్ స్ట్రట్లు ఉంటాయి కదా, గ్యాస్ నింపిన గొట్టమూ దాన్లోంచి వచ్చే మెరిసే కడ్డీనూ, మూతని పడిపోకుండా పట్టుకునేవి, అవి ఈ ముసలి కారుకి పెట్టాలని. "మూత బరువెంత?" అని షాపతను అడిగాడట. తాతయ్య పరుగున ఇంటికొచ్చి, బరువు చూసుకునే మిషన్ మీద చీపురుకర్ర నిలబెట్టి, మూత అంచుని దాని మీద ఆనించాడు. పద్నాలుగు కిలోలు.

"ఇరవై ఒకటి రాసుకో" అన్నాడు నాతో.

"పద్నాలుగేగా చూపిస్తోంది?"

"డిపోలో ఏ లెక్కకైనా సగం కలుపుతాం. బస్సులో ఎంతమంది ఎక్కుతారో ఎవడికి తెలుసు?"

"డిక్కీ మూత మీద ఎవరు ఎక్కుతారు తాతయ్యా?"

"రాయమంటే రాయి!"

రాశాను. ఆ లెక్కకి సరిపడే స్ట్రట్లు తెచ్చి గురువారం బిగించాడు. తాళం తిప్పి, వేలితో కాస్త ఎత్తగానే మూత ఎగిరి ఆయన గడ్డం కింద కొట్టింది. కళ్ళజోడు వెళ్ళి పూలకుండీలో పడింది. రేకు బందుల దగ్గర విల్లులా వంగిపోయింది.

అమ్మమ్మ కిటికీలోంచి చూసింది. "ఇదివరకు కిందకి పడేది. ఇప్పుడు పైకి పడుతోంది. మంచి అభివృద్ధే."

శుక్రవారమంతా చెక్క సుత్తితో ఆ వంకర తీశాడు. టక్కు టక్కు మని ఒకటే చప్పుడు. ఆ మధ్యలో లేచి కేలండరు దగ్గరికి వెళ్ళి సోమవారం ఇంకా అక్కడే ఉందో లేదో చూసి వచ్చేవాడు. శనివారం వెళ్ళి స్ట్రట్లు మార్చుకొచ్చాడు. ఈసారి సగం కలపలేదు. అట్టముక్కలూ గుండుసూదులూ తీసుకుని, మూత ఎత్తితే ఎక్కడ, దించితే ఎక్కడ అని గీసుకున్నాడు. ఆదివారం పది గంటలకి బోల్టులన్నీ బిగించేశాడు. మూత ఎగరడం మానేసి బుద్ధిగా నిలబడుతోంది. కానీ మూసేటప్పుడు చివర్లో 'కిర్రు' మంటోంది. మూశాక లోపల ఏది దేనికి గీసుకుంటోందో బయటికి కనబడదు.

"లోపలుండి చూడాలి" అన్నాడు.

"నేను దూరతాను."

"నీకు స్ట్రట్టుకీ సైకిలు పంపుకీ తేడా తెలీదు. జరుగు."

టార్చి పట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని స్టెపినీ చక్రం పక్కన ముడుచుకున్నాడు. నేను మూత నొక్కాను. టక్ మంది.

"ఆహా!" లోపలినుంచి గొంతు. "స్ట్రట్టు బ్రాకెట్టు చక్రం అంచుకి తగులుతోంది. వేలెడు జరిపితే చాలు. ఇక తియ్యి."

"తాళంచెవి ఏది తాతయ్యా?"

జేబు తడుముకుంటున్న చప్పుడు.

"జేబులో ఉంది."

"ఎవరి జేబులో?"

"ఇక్కడ ఇంకెవరున్నారే!"

అది బయట తిప్పితేనే తెరుచుకునే తాళం. దానికి ఒకటే చెవి. ఎవరికిచ్చినా పారేస్తారని బనీను జేబులో పిన్నీసు పెట్టి దాచుకుంటాడు. పానాలన్నీ బయట గుడ్డ మీద వరసగా పడుకుని ఉన్నాయి.

అమ్మమ్మ మెడలో టేపుతో వచ్చింది. సంగతి విని స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, లోపల గాలి బాగా ఆడుతోందా?"

"ముందు తియ్యవే!"

"చెవి మీ దగ్గరేగా ఉంది, జాగ్రత్త మనిషి. నిరుడు నా పెట్టెలో కత్తెర మీరేగా తీసింది? ఇప్పుడైనా నిజం చెప్పండి."

"నేనే. రేకు కత్తిరించాను. తియ్యి!"

అమ్మమ్మ పకపకా నవ్వింది. లోపలినుంచి మాత్రం ఇంకో మాట రాలేదు. ఆవిడ మూత మీద తట్టింది. "ఏమండీ?" స్టూలు పడిపోయేలా లేచి, గోళ్ళతో మూత అంచు పట్టి లాగింది. "ఏమండీ! మాట్లాడండి! ఒసేయ్, ఎవర్నైనా పిలువు, అలా నిలబడతావేం!"

నేను వీధిలోకి రెండడుగులు వేశానో లేదో, కారు కింద ఏదో పడింది. నల్లటి రబ్బరు బిరడా. దాని వెనకే ఖణేల్‌మని తాళంచెవి. నీళ్ళు కారిపోవడానికి డిక్కీ అడుగున కన్నం ఉంటుందట. ముసలాయన ఇంతసేపూ ఊపిరి బిగబట్టి దాన్నే తడుముకుంటున్నాడన్నమాట.

పాకుతూ వెళ్ళి చెవి తెచ్చి తిప్పాను. అంచు పట్టి జానెడు ఎత్తాను. మిగతాది మూతే మెల్లగా లేచి నిలబడింది.

తాతయ్య నోట్లో టార్చి, ఒంటినిండా చెమట. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయాడు. అమ్మమ్మ నడుం దాకా లోపలికి వంగి, రెండు చేతులూ ఆయన చంకల కింద వేసి, ఆ విరిగిన చేత్తోనే ఈడ్చింది. "లేవండి. ప్రాణాలు తోడేస్తారు మనిషిని. లేవండి!"

ఆయన కాళ్ళు నేల మీద ఆనాక తలెత్తి చూసింది. మూత సరిగ్గా ఆవిడ తల మీద ఉంది. ముగ్గురం కదల్లేదు. మూతా కదల్లేదు. ఆవిడ ఒక్క వేలితో దాన్ని కిందకి నొక్కింది. కాస్త దిగి, మళ్ళీ నింపాదిగా పైకి వెళ్ళింది.

"రేపు ఎనిమిది మూటలు" అంది అమ్మమ్మ. "ఆ గీసుకునేదేదో సాయంత్రం లోగా చూడండి." మణికట్టు రుద్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

తాతయ్య మంచినీళ్ళు కూడా తాగకుండా బ్రాకెట్టు విప్పడం మొదలుపెట్టాడు. నాకు నోరు ఊరుకోదు కదా.

"ఇంతా చేశాక కూడా అమ్మమ్మ చెయ్యి పెట్టనని మొండికేసి ఉంటే ఏం చేసేవాడివి తాతయ్యా?"

"కారు అమ్మేసేవాణ్ణి. వెలుతురుకి అడ్డం ఉన్నావు, జరుగు."