అండాలమ్మ కొర్రమట్ట

కొత్తపేట రైతుబజారు పక్క సందులో అండాలమ్మ పొద్దున పది గంటలకల్లా చేపలన్నీ అమ్మేసి బుట్ట బోర్లించేది. ఎవరైనా బేరమాడితే కత్తి పక్కన పెట్టి ఇంకో మనిషి వైపు తిరిగేది. నేను ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు కండక్టరు పని చేసి రిటైరయినవాణ్ణి. నోటి దురుసులో నన్ను మించినవాళ్లు లేరని నా ధీమా. ఆమె ముందు మాత్రం ముక్కలు చిన్నగా కొట్టమని అడగడానికి కూడా నోరు లేచేది కాదు.

ఆమెదీ మాలాగే నల్లగొండ వైపు పల్లె. భర్త దశరథ ఎల్బీ నగర్ అవతల ఒక కుంటలో వల వేసి తెచ్చేవాడు, ఆమె అమ్మేది. కుంటకు ఎగువన ట్యూబులైట్లు, థర్మామీటర్లు చేసే కార్ఖానా ఒకటి ఉండేది. దాని కాలువ కుంటలోకే వచ్చేది. నీళ్ల రంగు మారలేదు, వాసన రాలేదు, చేప చావలేదు. ఇక అనుమానం ఎవరికొస్తుంది?

రెండువేల పదకొండు సంవత్సరం, తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. భీమవరం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చేపను మా వీధిలో చాలామంది మానేశారు. మన కుంట చేపే తినాలని పంతం. ఆ పంతానికి పెద్ద నేనే. మృగశిర కార్తె మొదటి రోజున చేప తినడం మాకు ఎటూ తప్పదు. ఆ రోజు అండాలమ్మ బుట్ట ముందు మొదలైన వరస మెయిన్ రోడ్డు దాకా పోయింది.

మా మేడ మీద గదిలో సూర్యప్రభ అనే అమ్మాయి కిరాయికి ఉండేది. కాకినాడ పిల్ల. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, చెరువుల్లో పాదరసం ఎంత చేరిందో పరీక్షలు చేసేది. కార్తెకు ముందే మా కుంట నీళ్లు, చేపలు పట్టుకుపోయింది. ఆ చేప తరచూ తినే పదిమంది వెంట్రుకలు కూడా కత్తిరించి తీసుకుంది. వాళ్లలో అండాలమ్మ కూతురు స్వప్న ఒకతె. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, ఆరో నెల.

కార్తె మొదలైన వారానికి ఫలితాలు వచ్చాయి. సూర్యప్రభ ఆ కాగితం తీసుకుని నేరుగా అండాలమ్మ దగ్గరికి వచ్చింది. నేనక్కడే ఉన్నాను. కార్ఖానా వదిలే పాదరసం బురదలో చేరి, పురుగుల్లోకి, వాటిని తినే చిన్న చేపల్లోకి, ఆ చిన్నవాటిని మింగే పెద్ద చేపల్లోకి పోతోందని చెప్పింది. తిన్నవాళ్ల వెంట్రుకల్లోనూ అది కనిపించిందనీ, కడుపులో బిడ్డ మెదడుకు చేటనీ అన్నది. అండాలమ్మ ఒప్పుకోలేదు. చేప కడగడం తనకు నేర్పొద్దన్నది. బూడిదతో రుద్ది, ఉప్పు, పసుపు, చింతపండు పట్టించి ఏడు నీళ్లు పోస్తే ఎంత విషమైనా నిలవదన్నది.

“కడిగినా పోదండీ. అది కండలోనే ఉంటుంది,” అన్నది సూర్యప్రభ. “స్వప్నకు ఏ చేప పెడుతున్నారు?”

ఏ చేపో వీధి మొత్తానికి తెలుసు. జ్వరం పడి లేచినవాళ్లకూ, కడుపుతో ఉన్నవాళ్లకూ మేం పెట్టేది కొర్రమీనే. మా నోట్లో అది కొర్రమట్ట. చిన్న చేపల్ని మింగి బలిసే చేప. కూతురు వచ్చినప్పటి నుంచి అండాలమ్మ బుట్టలో అన్నిటికన్నా పెద్ద కొర్రమట్టను అమ్మకుండా తడిగుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయేది.

ఆ పూట నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఐసు చేప అమ్ముడుపోక మీవాళ్లు నిన్ను పంపారా అని ఆ పిల్లను అడిగాను. నలుగురు నవ్వారు. ఆమె కాగితం అక్కడ పెట్టి వెళ్లిపోయింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అండాలమ్మ నవ్వలేదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో చేప వండటం ఆపేసింది. బజారులో అమ్మడం మాత్రం ఆపలేదు.

నాలుగు రోజులకు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే తిని బండ్లు ఆపడం అన్నమాట. మా వైపు ఉద్యమం నడిపే బిక్షమయ్య కుంట చేపల పులుసు ఉండాలని అండాలమ్మకు ముందే చెప్పాడు. ఆమె రెండు బుట్టల కొర్రమట్టలు తెచ్చింది. పులుసు మరుగుతోంది. ముందు వరసలో సుజన అనే ఆమె నిండు కడుపుతో కూర్చుని ఉంది. ఆమె కోసం నడుము ముక్కలు పెద్దవి కొట్టమన్నాడు బిక్షమయ్య. అండాలమ్మ కత్తి కింద పెట్టింది.

“గీ చేప ఎవ్వరు తినొద్దు,” అన్నది. “నా బిడ్డకు తెల్వక పెట్టిన. తెలిసినంక గూడ నాలుగు దినాలు మీకు అమ్మిన. గది నా తప్పు.”

బిక్షమయ్యకు కోపమొచ్చింది. ఆంధ్రా పిల్ల మాట పట్టుకుని మన చేప పరువు తీస్తావా అన్నాడు. వెనక నుంచి ఇంకా పాడు మాటలు వచ్చాయి. అండాలమ్మ కొంగు విప్పి కాగితం అతని చేతిలో పెట్టింది.

“మన నీళ్లు మనకు గావాలెనని రోడ్డు మీద కూసున్నరు. గా నీళ్లల్ల ఏం గలుపుతున్నరో అడగరా?”

అతను చదివాడు. రెండోసారి చదివాడు. పులుసు దించి పప్పు పెట్టించాడు. మరుసటి రోజు కార్ఖానా గేటు ముందు పొయ్యిలు వెలిగాయి. సూర్యప్రభను నేనే వెంటబెట్టుకుపోయాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, దారంతా ఆమె సంచి మోశాను.

ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా అధికారులు వచ్చి వాళ్ల పరీక్షలు వాళ్లు చేసుకున్నారు. కాలువ మూయించారు. పాదరసం బయటికి పోకుండా పట్టే ఏర్పాటు చేసేదాకా కార్ఖానా తెరవొద్దన్నారు. కుంటలో వల వేయొద్దని బోర్డు పెట్టారు. దశరథ ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా కుదిరాడు. అండాలమ్మ అదే సందులో ఐసు చేప అమ్మడం మొదలుపెట్టింది, నేను నోరెత్తకుండా కొనుక్కున్నాను. సూర్యప్రభ ఏటా ఎండాకాలంలో కుంట చేపను పరీక్షిస్తూనే ఉంది. పాదరసం తగ్గుతోంది గానీ బురదలో చేరింది పోవడానికి ఏళ్లు పడుతుందట.

స్వప్నకు ఆ ఏడాదే, బస్సులన్నీ ఆగిపోయిన సకల జనుల సమ్మెలో కాన్పయింది. ఆడపిల్ల, రమ్య అని పేరు పెట్టారు. మెడ ఆలస్యంగా నిలిపింది. బోర్లా పడటం, కూర్చోవడం అన్నీ ఆలస్యమే. తెలంగాణ వచ్చిన రోజున వీధంతా మిఠాయిలు పంచుతుంటే నేనూ ఒక పొట్లం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. రమ్యకు మూడేళ్లు కావస్తున్నాయి. అమ్మా అనే ఒక్క మాట తప్ప రాదు. అండాలమ్మ దాని చంకల కింద చేతులు వేసి గచ్చు మీద నడిపిస్తోంది.

నాకు బాధనిపించింది. చేప వల్లనే ఇలా అయిందని దవాఖానలో ఎవరూ గట్టిగా చెప్పలేదు కదా, చేప ముట్టని ఇళ్లలో కూడా ఇలాంటి పిల్లలు ఉంటారన్నారు కదా అని సర్దిచెప్పబోయాను.

“డాక్టర్లకు తెల్వకపోతే తెల్వకపాయె అన్నా. పెట్టిన చెయ్యి నాది గదా,” అన్నది.

పిల్లను వదిలింది. రమ్య రెండడుగులు వేసి కూలబడింది. అండాలమ్మ మళ్లీ లేపి నిలబెట్టింది.