వుంపిని కొట్టిన గాలి

తమాలె ఊరి లారీల అడ్డాలో పంక్చర్లు వేసే ఆడమనిషి ఒక్కతే, పేరు వుంపిని. బొబ్బర్లన్నం అమ్మే నా బల్ల ఆమె కంప్రెసర్ పక్కనే కాబట్టి, ఆమెను అన్న ప్రతి మాటా నా చెవిన కూడా పడింది. తండ్రి పోయాక ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆ పని అందుకుంది. పదిహేనేళ్లలో ఒక్క టైరూ సరిగా చూడకుండా పంపలేదు. అయినా డ్రైవర్లకు ఆమెను చూస్తే ఒళ్లు మంట.

ఆ ఏడు ఎడారి నుంచి దుమ్ముతో వీచే హర్మటాన్ గాలులు ముదిరాయి. తెల్లవారితే పళ్లు టకటకలాడే చలి, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ. డ్రైవర్లు పొద్దున్నే ఆమె చేత నలభై పౌన్ల గాలి కొట్టించుకుని వెళ్లేవారు. మధ్యాహ్నం తిరిగొచ్చి గేజి పెడితే నలభై ఆరు చూపేది. ఎక్కువ కొట్టి టైరు పేల్చి చంపుతుందని తిట్టుకుంటూ, వాల్వు నొక్కి ఆ ఆరూ వదిలేసేవారు. వేడి టైరులో గాలి తీయొద్దని ఆమె ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. మర్నాడు చలిలో చూస్తే టైరు మెత్తబడి ఉండేది. ఇంకేం, ఆడదాని గాలి నిలవదని అడ్డా అంతా ఒకటే పాట. చివరికి డ్రైవర్ల సంఘం పెద్ద నైందో వచ్చి, శుక్రవారం నమాజు లోపు కంప్రెసర్ ఎత్తేయమన్నాడు. ఆ చోటు పోతే ఆమెకూ, ముసలి తల్లికీ కూడు పోయినట్టే.

కాళ్లు పట్టుకుంటుందని అందరూ చూశారు. నేనూ అలాగే అనుకున్నాను, ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

“ఎత్తేస్తా పెద్దాయనా. ముందు మీ లారీ టైరొకటి ఇవ్వండి. గాలి నేను కొడతా. వాల్వు మూత మీరే బిగించి, మీ దారంతో మీరే ముడేసుకోండి. గాలి నిలవకపోతే ఆ పూటే పోతా.”

గురువారం తెల్లవారగానే నలభై కొట్టింది. నైందో మూతకు ఎర్రదారం చుట్టి, టైరును తన కుర్చీ ముందు ఎండలో పడేయించాడు. వక్కలాంటి కోలా కాయ నములుతూ అక్కడి నుంచి కదల్లేదు. మధ్యాహ్నం దారం తనే విప్పి గేజి పెట్టాడు. నలభై ఆరు.

“ఆ ఆరూ ఎవరు కొట్టారు? నేనేనా?”

ఆమె మళ్లీ అతని చేతే దారం కట్టించి, టైరును నీడకు దొర్లించి, తడి గోనెలు కప్పింది. కప్పుతూనే చెప్పింది.

“రాయిలో రేణువులు కుదురుగా కూర్చుంటాయి. నీళ్లలోవి ఒకదాన్నొకటి రాసుకుంటూ జారతాయి. గాలిలోవి ఎటుపడితే అటు పరిగెత్తి గోడల్ని గుద్దుతాయి. ఆ గుద్దుడే గేజిలో కనపడేది. వేడెక్కితే జోరెక్కుతాయి, చల్లబడితే నెమ్మదిస్తాయి. అంతేగానీ ఎండకి లోపల కొత్త గాలేం పుట్టదు.”

సాయంత్రం నమాజయ్యాక చూస్తే ముప్పై తొమ్మిది. నైందో మొహం వెలిగింది. మరి ఆ ఒకటి ఏమైందన్నాడు.

“గేజి పెట్టినప్పుడల్లా బుస్సుమంటది కదా, అదే తాగింది. ఒకటి పోతే ఇంత బాగా కనిపెట్టారే, రోజూ మీ వాళ్లు చేతులారా ఆరేసి వదులుతుంటే కనపడలేదా? వదిలింది మీరు, నిలవంది నా గాలా?”

డ్రైవర్లు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. నాకైతే గరిటెతో తలా ఒకటి తగిలించాలనిపించింది. నైందో గొంతు సవరించుకుని, సరేలే, ఇక్కడే ఉండమన్నాడు.

“ఉండనివ్వమని నేనడగలేదు. ఇక మీద వేడి టైరు తెస్తే ముట్టను. గాలి కావాలంటే తెల్లారి చలిలో వచ్చి వరసలో నిలబడండి. ముందు మీరే రావాలి పెద్దాయనా.”

మర్నాడు నేను పొయ్యి అంటించేసరికే నైందో లారీ వరసలో మొదట ఉంది. పక్కన అతను దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. వుంపిని వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంది. తీరిగ్గా గిన్నె ఖాళీ చేసి, చేతులు కడుక్కుంది. అతని టైర్ల మీద ఒక్కొక్కదాని మీదా అరచెయ్యి వేసి చల్లగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు గేజి తీసింది.